కె2-18బి మీద జీవం జాడ: మూడు సిగ్మా ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్ బృందం ప్రచురించిన ఒక పరిశోధన పత్రం, మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కె2-18బి అనే గ్రహాన్ని రాత్రికి రాత్రే వార్తల్లోకి తెచ్చింది. భూమి మీద ప్రధానంగా సముద్రజీవుల నుంచి వెలువడే ఒక వాయువు ఆ గ్రహపు వాతావరణంలో ఉన్నట్టు సూచనలు కనిపించాయని ఆ పత్రం చెప్పింది. మన టీవీ చానళ్ళలో అది 'గ్రహాంతర జీవం దొరికింది' అన్న శీర్షికగా మారడానికి గంటలు కూడా పట్టలేదు. ఆ తరువాత కొద్ది వారాలకే 'అదంతా ఉత్తిదేనట' అన్న వార్తలూ వచ్చాయి. నిజానికి ఈ రెండు మాటలూ పరిశోధకులు అన్నవి కావు.

ఈ గందరగోళానికి మూలం ఒక్కటే. 'అక్కడ జీవం ఉంది' అనే వాక్యం వెనుక నాలుగు వేర్వేరు వాదనలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. నక్షత్రపు కాంతిలో ఒక తగ్గుదల కనిపించిందన్నది మొదటిది. ఆ తగ్గుదలకు ఫలానా అణువే కారణమన్నది రెండవది. ఆ అణువును జీవులు తప్ప మరేదీ అంత మోతాదులో తయారు చేయలేదన్నది మూడవది. కాబట్టి అక్కడ జీవం ఉందన్నది నాలుగవది. మొదటి మెట్టు ఎంత గట్టిగా ఉన్నా ఆ గట్టితనం దానంతటది నాలుగో మెట్టుకు ఎక్కదు. ఇప్పుడు శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న వాదం చాలావరకు రెండో మెట్టు దగ్గరే ఆగి ఉంది.

గ్రహం గురించి నిక్కచ్చిగా తెలిసినది

కె2-18 అనేది సింహరాశి దిశలో ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, అంటే సూర్యుడి కంటే చిన్నదీ, చల్లనిదీ, ఎర్రనిదీ అయిన నక్షత్రం. దాని చుట్టూ తిరిగే బి అనే గ్రహాన్ని 2015లో కెప్లర్ అంతరిక్ష దుర్భిణి రెండో దశ పరిశీలనల్లో గుర్తించారు. ఆ గ్రహం 33 రోజులకు ఒకసారి తన నక్షత్రాన్ని చుట్టివస్తుంది. దాని వ్యాసార్ధం భూమికి సుమారు 2.6 రెట్లు, ద్రవ్యరాశి సుమారు 8.6 రెట్లు.

అంత దగ్గరగా తిరిగే గ్రహం మాడిపోదా అన్న సందేహం సహజం. లెక్క వేసి చూద్దాం. ఆ నక్షత్రం సూర్యుడు వెలువరించే శక్తిలో సుమారు రెండున్నర శాతం మాత్రమే, అంటే 0.025 వంతు వెలువరిస్తుంది. గ్రహం దూరం భూమి–సూర్యుల దూరంలో 0.16 వంతు. వెలుగు దూరపు వర్గాన్ని బట్టి పలచబడుతుంది గనుక 0.025ను 0.16 × 0.16తో, అంటే 0.0256తో భాగించాలి. ఫలితం ఇంచుమించు 1. అంటే భూమికి అందేంత వెలుగే ఆ గ్రహానికీ అందుతోంది. దాన్ని 'ఆవాసయోగ్య మండలం'లో ఉన్న గ్రహం అనడానికి ఆధారం ఇదే. ఆ మాటకు అర్థం ద్రవరూపంలో నీరు ఉండడానికి వీలైన దూరం అని మాత్రమే గాని, అక్కడ నీరు ఉందని గాని, నేల ఉందని గాని కాదు.

నేల ఉందా లేదా అన్నది సాంద్రతను బట్టి కొంత తెలియాలి. ద్రవ్యరాశి 8.6 రెట్లు, ఘనపరిమాణం 2.6 × 2.6 × 2.6, అంటే సుమారు 17.6 రెట్లు కాబట్టి సాంద్రత భూమి సాంద్రతలో సగానికి కాస్త తక్కువ: ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు. ఒట్టి రాతి గ్రహానికి ఇది చాలా తక్కువ, ఒట్టి వాయుగోళానికి ఎక్కువ. రాతి గర్భం మీద లోతైన నీటి పొర, దాని మీద పలుచని హైడ్రోజన్ ఉన్నా ఈ సాంద్రత వస్తుంది. రాయి, ఇనుము గర్భం మీద మందమైన హైడ్రోజన్ దుప్పటి ఉన్నా ఇదే వస్తుంది. ఒకే తూకానికి రెండు మూడు రకాల గ్రహాలు సరిపోవడమే ఈ కథలోని అసలు చిక్కు. పైగా భూమికీ నెప్ట్యూన్‌కూ మధ్య పరిమాణంలో ఉండే ఇటువంటి గ్రహాలు మన పాలపుంతలో కోకొల్లలుగా ఉన్నా, మన సౌర కుటుంబంలో పోల్చి చూసుకోవడానికి ఒక్కటీ లేదు.

కంటికి కనిపించని గ్రహం గాలిని చదవడం

కె2-18బిని ఎవరూ ఫొటో తీయలేదు. అది తన నక్షత్రానికి అడ్డంగా వెళ్ళినప్పుడు నక్షత్రపు వెలుగు కొంచెం తగ్గుతుంది. దీన్ని సంక్రమణం అంటారు. ఆ నక్షత్రపు వ్యాసార్ధం భూమికి సుమారు 48.5 రెట్లు. గ్రహం వ్యాసార్ధం 2.6 రెట్లు. ఈ రెండింటి నిష్పత్తి వర్గం సుమారు 0.0029, అంటే సంక్రమణ సమయంలో వెలుగు దాదాపు 0.29 శాతం తగ్గుతుంది. ఇంతవరకు తేలికే.

ఇప్పుడు వాతావరణం సంగతి. గ్రహం అంచున ఉన్న గాలి పొర గుండా కొంత నక్షత్రకాంతి వడపోతకు గురై మనవైపు వస్తుంది. ఒక్కో అణువు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాలనే మింగుతుంది. ఆ తరంగదైర్ఘ్యాల దగ్గర గ్రహం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి పొర కూడా అడ్డుగా నిలుస్తుంది. తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఈ వెలుగు తగ్గుదల ఎలా మారుతుందో గీసిన రేఖనే సంక్రమణ వర్ణపటం అంటారు.

ఆ మార్పు ఎంత ఉంటుంది? ప్రధానంగా హైడ్రోజన్ ఉన్న తేలికపాటి వాతావరణమైతే, ఆ గ్రహపు గురుత్వాన్నీ, భూమికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతనూ లెక్కలోకి తీసుకుంటే, సుమారు 75 కిలోమీటర్లు పైకి వెళ్ళేసరికి గాలి పీడనం మూడో వంతు కంటే కొంచెం ఎక్కువకు పడిపోతుంది. ఇటువంటి ఒక్కో పొర వల్ల వచ్చే అదనపు తగ్గుదల పది లక్షల్లో సుమారు 26 వంతులు. పెద్ద సంకేతాలు రెండు మూడు పొరల మందం మేరకు ఉంటాయి. ఈ అంకె ఎంత చిన్నదో తెలియాలంటే, ఎక్కడో దూరం నుంచి ఎవరైనా మన సూర్యుణ్ణి చూస్తుంటే భూమి మొత్తం అడ్డం వచ్చినప్పుడు వారికి తగ్గే వెలుగు పది లక్షల్లో 84 వంతులు. కె2-18బి విషయంలో వెతుకుతున్నది ఆ స్థాయి మార్పునే, అదీ ఒక మసక నక్షత్రపు కాంతిలో. అదే గ్రహం మీద మన గాలిలాంటి బరువైన నైట్రోజన్ వాతావరణం ఉండి ఉంటే ఆ పొర మందం 75 నుంచి ఆరు కిలోమీటర్లకు పడిపోయేది, సంకేతం దొరకడమే గగనమయ్యేది. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న గ్రహాల మీదే ఇంత పరిశోధన జరగడానికి ఇదొక కారణం.

2019లో నీరు, 2023లో మీథేన్

ఈ గ్రహానికి ఇది మొదటి సంచలనం కాదు. 2019 సెప్టెంబరులో రెండు బృందాలు, ఒకటి లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి, మరొకటి మాంట్రియల్ నుంచి, హబుల్ దుర్భిణి సమాచారం ఆధారంగా అక్కడ నీటి ఆవిరి ఉందని ప్రకటించాయి. హబుల్ చూడగలిగింది 1.1 నుంచి 1.7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల వరకు ఉన్న ఇరుకైన పట్టీని మాత్రమే. అందులో 1.4 మైక్రాన్ల దగ్గర కనిపించిన మింగుడును నీటిదిగా భావించారు. అయితే ఆ చోటనే మీథేన్ కూడా వెలుగును మింగుతుంది.

2023లో జేమ్స్ వెబ్ దుర్భిణి ఇంకా విశాలమైన పట్టీలో, ఒక్కో పరికరంతో ఒక్కో సంక్రమణం చొప్పున చూసినప్పుడు తేలింది ఏమిటంటే, అక్కడ స్పష్టంగా కనిపిస్తున్నది మీథేన్. దానితోపాటు కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టూ ఆ బృందం చెప్పింది. నీటి ఆవిరి నికరంగా కనిపించలేదు. ఉంటుందనుకున్న అమోనియా కూడా కనిపించలేదు. ఈ గ్రహం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పాఠం ఇదే: 2019 నాటి రెండు బృందాలూ కొలతలో తప్పు చేయలేదు, వెలుగు తగ్గిన మాట నిజం. తారుమారైంది ఆ తగ్గుదలకు పెట్టిన పేరు.

డీఎంఎస్ అంటే ఏమిటి, దానికంత ప్రాధాన్యం ఎందుకు

2023 పత్రంలోనే డైమిథైల్ సల్ఫైడ్, క్లుప్తంగా డీఎంఎస్, అనే మరో అణువు గురించి చాలా బలహీనమైన ప్రస్తావన ఉంది. ఒక గంధకం పరమాణువుకు రెండు వైపులా రెండు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల గుంపులు) అతుక్కున్న చిన్న అణువు ఇది. క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే ఘాటు వాసనలోనూ, విశాఖ తీరంలో గాని మరే సముద్రతీరంలో గాని ముక్కుకు తగిలే సముద్రపు వాసనలోనూ దీని పాలు ఉంది. సముద్రంలోని సూక్ష్మమైన వృక్షప్లవకాలు తయారు చేసే ఒక పదార్థం విచ్ఛిన్నమై ఇది పుడుతుంది. గాలిలోకి వచ్చాక ఎంతో కాలం నిలవదు. అందువల్ల భూమి వాతావరణంలో దీని పాలు వంద కోట్లలో ఒక వంతు కంటే తక్కువ.

2025లో మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్‌లోని మిరీ అనే మరో పరికరంతో, 6 నుంచి 12 మైక్రాన్ల పట్టీలో, ఒక సంక్రమణాన్ని గమనించింది. ఆ వర్ణపటానికి డీఎంఎస్ గాని, దాని దగ్గరి చుట్టమైన డైమిథైల్ డైసల్ఫైడ్ గాని, లేదా రెండూ గాని ఉన్నాయనుకుంటేనే బాగా పొసుగుతుందని, దాని విశ్వసనీయత మూడు సిగ్మా అని ప్రకటించింది. ఆ గ్రహపు గాలిలో దాని వాటా పది లక్షల్లో పది వంతుల కంటే ఎక్కువ ఉండవచ్చని అంచనా వేసింది. అంటే భూమి మీద ఉన్నదానికి వేల రెట్లు. వినగానే అసంభవం అనిపించినా, దీనికి ముందే కాలిఫోర్నియా రివర్‌సైడ్‌లోని షాంగ్-మిన్ సాయ్, ఆయన సహచరులు 2024లో వేసిన లెక్క ప్రకారం, ఇటువంటి గ్రహం మీద జీవులు భూమి సముద్రాల కంటే ఇరవై రెట్లు డీఎంఎస్ వెలువరిస్తే చాలు, అది కనిపించే స్థాయికి పేరుకోగలదు.

మూడు సిగ్మా లెక్క

మూడు సిగ్మా అంటే, అసలు అక్కడ అటువంటి సంకేతమేమీ లేకపోయినా కేవలం కొలతల్లోని ఒడిదుడుకుల వల్ల ఇంతటి ఆనవాలు కనిపించే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే 370లో ఒకసారి. దీన్ని తిప్పి చదివి 'డీఎంఎస్ ఉండే అవకాశం 99.7 శాతం' అని చాలా వార్తలు రాశాయి. ఈ రెండూ ఒకటి కావు.

ఒక ఊహాలెక్క చూద్దాం. వెయ్యి గ్రహాలను పరీక్షించామనుకుందాం. వాటిలో ఒక్కదాని మీదే నిజంగా డీఎంఎస్ ఉంది, దాన్ని మనం తప్పక పట్టుకుంటాం. మిగిలిన 999లో 0.3 శాతం, అంటే సుమారు మూడు గ్రహాలు, ఊరికే ఒడిదుడుకుల వల్ల అదే ఆనవాలు చూపుతాయి. కాబట్టి ఆనవాలు చూపిన నాలుగింటిలో నిజమైనది ఒకటే, అంటే 25 శాతం. అదే వెయ్యిలో వంద గ్రహాల మీద డీఎంఎస్ ఉందనుకుంటే, 900లో సుమారు మూడు మాత్రమే బోగస్‌గా వస్తాయి గనుక ఆనవాలు చూపినవాటిలో 97 శాతం నిజమైనవే. రెండు సందర్భాల్లోనూ సిగ్మా మారలేదు, అటువంటి గ్రహాలు ఎంత అరుదన్న అంచనా మారింది. ఆ అంచనా ఎంతో ప్రస్తుతం ఎవరికీ తెలియదు. భౌతికశాస్త్రంలో ఒక ఆవిష్కరణను ప్రకటించడానికి ఐదు సిగ్మా, అంటే సుమారు 17 లక్షల్లో ఒకసారి మాత్రమే పొరపాటు పడే స్థాయి, కావాలనే ఆనవాయితీకి ఇటువంటి జాగ్రత్తే కారణం. మధుసూదన్ బృందం కూడా తమది ఆ స్థాయికి చేరలేదని, మరో 16 నుంచి 24 గంటల జేమ్స్ వెబ్ పరిశీలన ఉంటే చేరవచ్చని పత్రం వెలువడిన రోజే చెప్పింది. శీర్షికల్లో ఆ మాటకు చోటు దొరకలేదు.

అదే సమాచారం, వేర్వేరు జవాబులు

జేమ్స్ వెబ్ సమాచారం బహిరంగంగా అందుబాటులోకి వస్తుంది గనుక ఇతర బృందాలు వెంటనే దాన్ని తిరిగి విశ్లేషించాయి. వారి అభ్యంతరాలు ఒక రకం కావు.

ఆక్స్‌ఫర్డ్‌లోని జేక్ టేలర్ అడిగిన ప్రశ్న అన్నిటికంటే సాదాసీదాది. ఏ అణువు అని తరువాత చూద్దాం, ముందు ఆ వర్ణపటంలో ఎగుడుదిగుడులు ఉన్నాయా అన్నది తేల్చాలన్నారు. ఆ మిరీ వర్ణపటాన్ని ఒక తిన్నని గీతతో పోల్చినా పొసుగుతోందని, అంటే అందులో ఏ అణువు సంకేతమూ నికరంగా లేదనే నిర్ణయానికీ వీలుందని చూపారు. చికాగో విశ్వవిద్యాలయంలోని రఫాయెల్ లూకే బృందం మిరీని ఒంటరిగా కాక, 2023 నాటి సమాచారంతో కలిపి చూసి, డీఎంఎస్‌కు చాలినంత ఆధారం లేదంది.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలోని లూయిస్ వెల్‌బ్యాంక్స్ బృందం అభ్యంతరం ఇంకా లోతైనది. ఊళ్ళో దొంగతనం జరిగితే ముందుగానే పదిమంది పేర్లు రాసుకుని, వారిలో ఎవరి పోలిక ఎక్కువ ఉందో చూస్తే తప్పకుండా ఒకరు దొరుకుతారు. అసలు దొంగ ఆ జాబితాలోనే లేకపోవచ్చు. అణువుల జాబితాను 90కి పెంచి చూసినప్పుడు డీఎంఎస్ కంటే మెరుగ్గానో, దాదాపు సమంగానో పొసిగే అణువులు అనేకం ఉన్నాయని, ప్రొపైన్ వంటి మామూలు హైడ్రోకార్బన్లూ వాటిలో ఉన్నాయని వారు చూపారు. దీనికి రసాయనిక కారణం ఉంది. ఈ పట్టీలో కనిపించే మింగుడులో చాలాభాగం కార్బన్–హైడ్రోజన్ బంధాల కదలికల నుంచి వస్తుంది. ఆ బంధాలు వందల అణువుల్లో ఉంటాయి. కాబట్టి మూడు సిగ్మా అన్న అంకె ఎప్పుడూ 'మేం పరిశీలించిన జాబితాలో' అన్న షరతుతోనే వస్తుంది.

మధుసూదన్ బృందం ఈ విమర్శను పక్కన పెట్టలేదు. ఏకంగా 650 అణువులతో మళ్ళీ లెక్క వేసి, వాటిలో బాగా పొసిగే కొద్ది అణువుల్లో డీఎంఎస్ ఇంకా ముందు వరుసలోనే ఉందని జవాబిచ్చింది. అయితే అందులోనే ఒక ఒప్పుదల కూడా ఉంది: ముందు వరుసలో ఉన్నది డీఎంఎస్ ఒక్కటే కాదు. ఇటువంటి పని ఎంత తిరకాసైనదో స్థూలంగా చెప్పాలంటే, 650 అణువులను విడివిడిగా పరీక్షించి ఒక్కోదానికి 370లో ఒకసారి పొరపాటు పడే అవకాశం ఉందనుకుంటే, ఒకటో రెండో అణువులు కేవలం యాదృచ్ఛికంగానే 'దొరుకుతాయి'. అసలు విశ్లేషణ ఇంత సరళంగా ఉండదు గాని, జాబితా పెరిగేకొద్దీ ఒక్కో పేరు విలువ తగ్గుతుందన్నది మాత్రం నిజం.

సముద్రమా, శిలాద్రవమా, ఒట్టి వాయువా

డీఎంఎస్ గొడవ నడుస్తుండగా దానికంటే పాతదైన మరో తగువు అలాగే ఉంది. అసలు ఆ గ్రహం ఎటువంటిది? 2021లో మధుసూదన్, ఆయన సహచరులు 'హైసియన్' గ్రహాలనే వర్గాన్ని ప్రతిపాదించారు. హైడ్రోజన్ వాతావరణం కింద గ్రహమంతా పరుచుకున్న సముద్రం ఉండే గ్రహం అని దాని భావం. కె2-18బి అటువంటిదేనని వారి వాదన. అమోనియా లేకపోవడాన్ని వారు సాక్ష్యంగా చూపుతారు: మందమైన హైడ్రోజన్ వాతావరణపు వేడి అడుగు పొరల్లో అమోనియా పుట్టి పైకి రావాలి, రాలేదంటే కింద ఉన్న నీటిలో అది కరిగిపోయి ఉండాలి.

2024లో వచ్చిన రెండు అధ్యయనాలు దీన్ని వేర్వేరు వైపుల నుంచి ప్రశ్నించాయి. ఆలివర్ షార్టల్ బృందం, అమోనియాలోని నైట్రోజన్‌ను నీరే కాదు, కరిగిన శిలాద్రవం కూడా మింగేయగలదని చూపింది. అంటే అమోనియా లేమి సముద్రానికి ఎంత సాక్ష్యమో లావా సముద్రానికీ అంతే. నికొలస్ వోగన్ బృందం, నేల గాని సముద్రం గాని లేని వాయువుల చిన్న నెప్ట్యూన్ అనుకున్నా మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కొలతలు పొసుగుతాయని లెక్కకట్టింది. మరో అభ్యంతరం వేడి గురించినది. హైడ్రోజన్ ఒత్తిడిలో తానే వేడిని పట్టి ఉంచే వాయువు. మేఘాలో, పొగమంచో చాలా వెలుగును తిరిగి పంపితే తప్ప ఆ సముద్రం ఆవిరైపోతుందని వాతావరణ నమూనాలు సూచిస్తున్నాయి.

2025 జులైలో నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి చెందిన రెన్యూ హూ బృందం కొత్త సంక్రమణాల సమాచారంతో ఒక పత్రం వెలువరించింది. మీథేన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా గట్టిగా నిలబడింది, గ్రహం లోపల నీరు పుష్కలంగా ఉందనే నిర్ణయానికి ఆ ఫలితాలు దారితీశాయి. నీరు సముద్రంగా ఉందా, హైడ్రోజన్‌తో కలిసిపోయిన వేడి ద్రవ్యంగా ఉందా అన్నది మాత్రం తేలలేదు. డీఎంఎస్‌కు ఆ సమాచారంలో నమ్మదగిన ఆనవాలు లేదు. ఇరుపక్షాల్లో ఎవరికీ పూర్తిగా రుచించని ఈ ఫలితమే ఇప్పటికి ఈ గ్రహం గురించి అన్నిటికంటే నికరమైన సమాచారమని నా అభిప్రాయం.

డీఎంఎస్ ఉన్నా జీవం ఉన్నట్టేనా

వాదన కోసం రెండో మెట్టు దాటేశామనే అనుకుందాం. మూడో మెట్టు దగ్గర పరిస్థితి 2023 తరువాత చాలా మారింది. రోసెట్టా వ్యోమనౌక 67పి తోకచుక్క దగ్గర సేకరించిన సమాచారంలో డీఎంఎస్ ఉన్నట్టు 2024లో తేలింది. తోకచుక్క మీద వృక్షప్లవకాలు ఉన్నాయని ఎవరూ అనరు. అదే ఏడాది కొలరాడోలో కొందరు రసాయన శాస్త్రవేత్తలు మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన వాయువుల మీద అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి, ఏ జీవి సాయమూ లేకుండా డీఎంఎస్ పుట్టించారు. పాలపుంత కేంద్రానికి దగ్గర్లోని ఒక వాయుమేఘంలో కూడా ఈ అణువును గుర్తించారు.

దీనికి హైసియన్ పక్షం జవాబు పరిమాణం గురించి. ఏదో కొంత పుట్టడం వేరు, పది లక్షల్లో పది వంతులు నిలకడగా ఉండడం వేరు. తోకచుక్కలు తెచ్చిపోసేది గాని, కాంతి రసాయన చర్యల్లో పుట్టేది గాని ఆ మోతాదుకు చాలదు అని. ఇది తోసిపుచ్చదగ్గ జవాబు కాదు. కాని గ్రహం అడుగున ఏముందో తెలియకుండా అక్కడ ఏ వాయువు ఎంత పుట్టగలదో లెక్కించడం కష్టం కాబట్టి, మూడో మెట్టు మీది ప్రశ్న తిరిగి సముద్రమా, లావానా అన్న ప్రశ్న దగ్గరకే వస్తుంది.

ఇక ముందు చూడవలసినవి

గ్రహం 33 రోజులకు ఒకసారి సంక్రమిస్తుంది గాని, జేమ్స్ వెబ్‌కు దాన్ని ఏడాది పొడవునా చూడడం వీలుకాదు. సూర్యుడి వైపు తిరగకుండా ఉండేలా దాని అమరిక ఉంటుంది. కె2-18 ఉన్నది సూర్యుడు సాగే బాటకు దగ్గరలో కనుక, ఏడాదిలో సుమారు యాభై రోజుల చొప్పున రెండు విడతలు మాత్రమే అది అందుబాటులో ఉంటుంది. అంటే ఏడాదికి మూడు సంక్రమణాలు దొరికితే గొప్ప. ఒక్కో పరిశీలనకు ముందూ వెనుకా కలిపి ఆరేడు గంటలకు పైగా పడుతుంది కాబట్టి, మధుసూదన్ బృందం చెప్పిన 16 నుంచి 24 గంటలు అంటే రెండు మూడు సంక్రమణాలన్నమాట. దుర్భిణి సమయం కోసం ప్రపంచమంతా పోటీ పడుతున్నా, కాగితం మీద ఇది అందరాని సంగతేమీ కాదు.

దానికి సమాంతరంగా జరగవలసిన పని ప్రయోగశాలల్లో ఉంది. ఈ విశ్లేషణల్లో డీఎంఎస్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగును మింగుతుందో చెప్పడానికి వాడిన కొలతలు, గది ఉష్ణోగ్రత వద్ద, భూమి మీది పీడనంలో, నైట్రోజన్ మధ్య తీసుకున్నవి. చల్లని, పలుచని హైడ్రోజన్ వాయువులో అవే రేఖల వెడల్పు, ఆకారం కొంత మారుతాయి. డీఎంఎస్‌నూ, దాని పక్కన నిలబడ్డ ప్రొపైన్ వంటి అణువులనూ హైడ్రోజన్‌లో ఉంచి కొత్తగా కొలిచిన పట్టికలు వస్తే, ఇప్పటికే చేతిలో ఉన్న మిరీ వర్ణపటాన్నే మళ్ళీ తీసి చూడవచ్చు.